రానివాళ్ళ పెట్టె

సంతాప సభలో ఎవరి తరువాత ఎవరు మాట్లాడాలో రాసిన కాగితాన్ని పార్టీ ఆఫీసు గోడకు అంటించిన రోజే పెన్సిలమ్మ కడుపులో మంట మొదలైంది. మొదటి పేరు కార్యదర్శిది. అది సరే, ఆయన కుర్చీ అలాంటిది. రెండోది బట్టలు కుట్టే మిషనమ్మది, ఐదు నిమిషాలు. ఏడోది, అన్నిటికన్నా కిందది, జిగురు ఒలికి సగం అలుక్కుపోయినది పెన్సిలమ్మది. మూడు నిమిషాలు.

"చూశావా? పోయాక కూడా ఆయన దగ్గర మనం ఆఖర్నే" అంది కూతురితో.

"వయసును బట్టి వేశారేమోనమ్మా."

"నేను దానికంటే ఎనిమిది నెలలు పెద్ద."

కూతురు నవ్వు ఆపుకోవడానికి తల వంచి చెప్పుల బెల్టు సవరించుకుంది. "నవ్వు, నవ్వు. ఆ మెట్ల మీద చూసుకుని దిగు, మొన్న ఒకావిడ అక్కడే జారి తుంటి విరగ్గొట్టుకుంది" అంది పెన్సిలమ్మ.

పెన్సిలమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆమె భర్త ఇరవై ఆరేళ్ళు పెద్దాయన దగ్గర షార్ట్‌హ్యాండ్ రాశాడు. పెద్దాయన ఉపన్యాసం ఇస్తుంటే, కమిటీలో మాట్లాడుతుంటే, ఆ మాటల్ని కింద పడనివ్వకుండా పట్టుకునేది ఆయనే. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది. స్నానానికి కూడా దానితోనే వెళ్తాడని ఆఫీసులో హాస్యం. అలా ఆయన పెన్సిలుగారయ్యాడు, ఆమె పెన్సిలమ్మ అయింది.

పెద్దాయన నలభై ఏళ్ళు కమ్యూనిస్టు పార్టీకి పెద్ద, అందులో పందొమ్మిదేళ్ళు ప్రభుత్వానికి కూడా పెద్ద. రెండు నెలల కిందట కన్నుమూశాడు. ఆదివారం సభ. ఆ తరువాత ఆయన కూర్చున్న గదిని జ్ఞాపకాల గదిగా తెరుస్తారు. గోడకు ఫొటోలు, అద్దాల బీరువాలో కళ్ళజోడు, చేతికర్ర, ఇంకా పెన్సిలుగారి పెన్సిలు. ఆ పెన్సిలు తెచ్చి ఇవ్వమనీ, నాలుగు మంచి ముక్కలు చెప్పమనీ కార్యదర్శి స్వయంగా ఇంటికొచ్చి అడిగాడు. కూతురు ఏడాదిగా ఆ ఆఫీసు రికార్డు గదిలోనే పాత కాగితాలు సర్దే పనిలో ఉంది. ఇంకా పక్కా ఉద్యోగం కాలేదు. గది తెరిచాక చేస్తామన్నారు.

నాలుగు ముక్కలు. అవి పెన్సిలమ్మ దగ్గర పదకొండేళ్ళుగా సిద్ధంగానే ఉన్నాయి. మంచివి కావు, అంతే. "ఊరందరికీ ఉత్తరాలు రాసి ఆసుపత్రిలో మంచం ఇప్పించావు. నీ మాటలు రాసి రాసి ఊపిరి పోగొట్టుకున్నవాడికి మాత్రం లేదన్నావు." ఇదీ ఆ ముక్క. మైకులో, అందరూ వింటుండగా, ఒక్కసారి అనెయ్యాలి. అనేస్తే కూతురి ఉద్యోగం ఏమవుతుందో? అనకపోతే ఇంకెప్పటికీ అనే వీలుండదు. ఇక ఆయన పేరు మీద సభ పెట్టరు, పెట్టినా తనను పిలవరు.

మిషనమ్మ మీద మంటకు వేరే కారణం ఉంది. ఆ కారణమే రోజూ పొద్దున ఆరున్నరకు కర్ర టకటకలాడించుకుంటూ కిటికీ ముందు నుంచి వెళ్తుంది. మిషనమ్మ మొగుడు. పాల ప్యాకెట్టుకు వెళ్తాడు, వీధి చివర నిలబడి దగ్గుతాడు, వెనక్కి వస్తాడు. మిల్లులో దూది పీల్చిన ఊపిరితిత్తులు ఆయనవి. పెన్సిలుగారు జన్మలో సిగరెట్టు ముట్టలేదు కానీ, తలుపులు బిగించిన కమిటీ గదిలో ఇరవై ఆరేళ్ళు మిగతావాళ్ళు వదిలిన పొగంతా పీల్చాడు. ఇద్దరూ ఒకే చలికాలం మంచాన పడ్డారు. మిషనమ్మ పెద్దాయన ఉత్తరం పట్టుకుని మొగుణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది, నడిపించుకుని తెచ్చుకుంది. పెన్సిలుగారు ఇంట్లోనే, కిటికీ వైపు తల పెట్టుకుని పోయాడు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ రోజైనా ఆ కర్ర చప్పుడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే పెన్సిలమ్మకే కంగారు. పడిపోయాడేమో, బస్సు గానీ తగిలిందేమో అని గేటు దాకా వచ్చి చూసేది. మనిషి మలుపు తిరిగి కనబడగానే ఊపిరి పీల్చుకునేది. పీల్చుకున్న మరుక్షణం మళ్ళీ మంట.

తను ఉత్తరం అడగలేదని కాదు. ఒక సోమవారం వెళ్ళింది. సోమవారాలు పెద్దాయన ముందు గదిలో కూర్చుని జనం గోడు వినేవాడు. బయట పొడుగాటి బెంచీ, దాని మీద ఊళ్ళో కష్టాలన్నీ వరసగా కూర్చునేవి. పెన్సిలమ్మ ఆ బెంచీ మీద కూర్చోలేదు. ఆఫీసు మనిషి భార్య, ఆమెకేం ఖర్మ? పక్క తలుపు నుంచి వెళ్ళింది. పెద్దాయన లేచి కుర్చీ చూపించాడు, అంతా విన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూద్దామమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చింది. దిళ్ళకు ఆనుకుని కూర్చున్న భర్త, "ఏమన్నారు?" అన్నాడు.

"చూద్దామన్నారు."

పెన్సిలుగారు చెవి మీది పెన్సిలు తీశాడు. మందుల కాగితం మీద చిన్న సున్నా చుట్టాడు. షార్ట్‌హ్యాండ్ పుస్తకాల్లో ఆ మాటకు ఆయన వాడే గుర్తు అదే. పెద్దాయన కమిటీలో 'చూద్దాం' అన్న ఏ సంగతీ మళ్ళీ బల్ల మీదకు రాలేదని ఆయనకన్న బాగా ఎవరికి తెలుసు? ఎవరినీ మొహం మీద కాదనలేని మనిషి పెద్దాయన. కాదనడానికి ఆయనకున్న మాట అదొక్కటే. ఈ కిటుకు ఆఫీసంతటికీ చెప్పి నవ్వించింది కూడా పెన్సిలుగారే. పని కాలేదా అని ఎవరైనా అడిగితే డ్రైవరు దగ్గర్నుంచి అచ్చాఫీసు ఫోర్‌మన్ దాకా వేలితో గాల్లో సున్నా చుట్టేవాళ్ళు.

"వదిలెయ్. ఆయన్ని మళ్ళీ ఇబ్బంది పెట్టకు" అన్నాడు.

వదిలేసింది. నాలుగు నెలలకు ఆయనే వదిలి వెళ్ళాడు. ఆ రోజు పెద్దాయన వచ్చాడు, గుమ్మంలో నిలబడ్డాడు, చాలాసేపు ఆమె మొహం వంక చూసి, "మళ్ళీ రాలేదేమమ్మా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న పదకొండేళ్ళు ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. రెండోసారి కూడా వచ్చి దేబిరించాల్సిందా? కళ్ళ ముందే ఉన్నవాళ్ళం, మేమూ బెంచీ మీద కూర్చుని వంతు కోసం చూడాలా?

*

శుక్రవారం ఫిట్టరు వచ్చి వంటింటి కుళాయి విప్పాడు. ఎదురింటివాడు, పెన్సిలుగారి స్నేహితుడు. వదినా అని పిలుస్తాడు. మిల్లులో సమ్మె పద్నాలుగు నెలలు సాగితే, "ఎప్పుడాపుదాం?" అని కమిటీలో లేచి అడిగిన ఒకే ఒక్క మనిషి. ఆ వారమే సభ్యత్వం తీసేశారు. ఆ తరువాత మిల్లుకు పడిన తాళం ఇంతవరకూ తెరుచుకోలేదు.

"ఆదివారం వస్తావా?" అంది పెన్సిలమ్మ.

"వస్తాను. వెనక నిలబడతాను. ఎవరు ఏం దాస్తారో లెక్కేసుకోవాలిగా!" రెంచితో కుళాయి మెడ తిప్పుతూ అన్నాడు. "ఈ ఇల్లు ఎవరిచ్చారు? ఆయనే. ఇంట్లో కూర్చునేలా మిల్లు మూయించిందెవరు? ఆయనే. మా అక్క యాభయ్యో ఏట సంతకం నేర్చుకుంది ఆయన బడిలోనే. ఆ సంతకంతోనే నన్ను తీసేసిన కాగితం అందుకుంది. ఆసుపత్రి కట్టించాడు, మంచమెక్కాలంటే మాత్రం ఆయన ఉత్తరం కావాలన్నాడు. నువ్వే చెప్పు వదినా, మంచోడా, చెడ్డోడా?"

"నాకేం తెలుసయ్యా. నువ్వు ఆ నీళ్ళు మొత్తం ఇల్లంతా పారించేలా ఉన్నావు. కాలు జారి పడతావు, చూసుకో."

"నేనూ పోయాను తెలుసా, ఒకసారి. సిగ్గు విడిచి. మళ్ళీ పార్టీలో చేర్చుకోండి అని."

"ఏమన్నారు?"

ఫిట్టరు తడిచేత్తో గాల్లో సున్నా చుట్టాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో పెన్సిలమ్మకు ఏదో చిన్న గర్వం కూడా ఉంది. బయటివాళ్ళకు తెలియనిది, తమకు మాత్రమే తెలిసినది అది.

*

శనివారం మధ్యాహ్నం మిషనమ్మ వచ్చింది. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. అవి చూడగానే పెన్సిలమ్మ చెయ్యి చాపింది.

"ముందు ఆ సూదులు తియ్యి తల్లీ, మింగితే ఎవరిది పూచీ?"

"మింగనక్కా, ముప్పై ఏళ్ళ అలవాటు." సూదులు తీసి మణికట్టు పట్టీకి గుచ్చుకుంది. "మైకు ముందు నాకు నోరెండిపోతుంది. నువ్వు విని తప్పులు చెప్పు. నువ్వంటే ఉపన్యాసాల ఇంట్లో పుట్టినదానివి."

"పుట్టలేదు, కాపురానికొచ్చాను" అంది పెన్సిలమ్మ. ఎనిమిది నెలలకు అక్కేమిటని లోపల సణుక్కుంటూనే, ఉతికిన బట్టలు మడత పెడుతూ కూర్చుంది. దీనికి ఐదు నిమిషాలు. ఇది పెద్దాయన గురించి చెప్తుంటే కార్యదర్శి తల ఊపుతాడు. ఫొటో తీస్తారు.

మిషనమ్మ గొంతు సవరించుకుంది. "పెద్దాయన దేవుడు."

"దేవుడనకు. పార్టీ సభ అది."

"మరేమనాలి?"

"కామ్రేడ్ అను."

"ఉత్త కామ్రేడేనా? నా మొగుణ్ణి బతికించినాయన్ని! దేవుడంత కామ్రేడ్ అంటాను." మిషనమ్మ సాగించింది. "మొదటి సోమవారం పోయి నా బాధ చెప్పుకున్నాను. చూద్దామమ్మా అన్నారు..."

మడత పెడుతున్న తువ్వాలు పెన్సిలమ్మ చేతిలో ఆగిపోయింది. "ఏమన్నారూ?"

"చూద్దామమ్మా అని."

"అంటే కాదని కదా."

"కాదనా?" మిషనమ్మ తెల్లబోయింది. "అదేంటక్కా! చూద్దామంటే చూద్దామనేగా. చూశారేమోనని మరుసటి సోమవారం పోయాను. ఊళ్ళో లేరన్నారు. మళ్ళీ సోమవారం పోయాను. ఆ బెంచీకి ఆ చివర, కిటికీ దగ్గర కూర్చునేదాన్ని, చల్లగా ఉంటుంది. ఒకసారి జనం ఎక్కువై నా వంతే రాలేదు. ఇంకోసారి మధ్యలోనే ఏదో సమ్మె దగ్గరికి లేచి వెళ్ళిపోయారు. ఏడో సోమవారం లోపలికి పిలిచి సొరుగులోంచి కవరు తీసి చేతిలో పెట్టారు. చెప్తే నమ్మవు, దాని మీద తేదీ నేను మొదట వెళ్ళిన నాలుగో రోజుది! అప్పుడే రాసి పెట్టేశారు మహానుభావుడు. ఇంటికి పంపించొచ్చుగా అన్నాను. 'ఎవరి ఉత్తరం వాళ్ళే వచ్చి తీసుకోవాలమ్మా, మధ్యలో ఎవరి చేతిలో పెట్టినా దళారీ పుడతాడు' అన్నారు."

పెన్సిలమ్మ తువ్వాలు విప్పి మళ్ళీ మొదట్నుంచీ మడిచింది.

"మరి బావగారికి నువ్వు అడగలేదా అక్కా?"

"అడిగాను."

"మళ్ళీ వెళ్ళలేదా?"

ఆ ప్రశ్న ఎక్కడ విన్నదో పెన్సిలమ్మకు వెంటనే గుర్తొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి, కళ్ళజోడు వెనక ఆ చూపు. మళ్ళీ రాలేదేమమ్మా?

"పొయ్యి మీద పాలున్నాయి" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

*

కూతురు ఆ రోజు కూడా ఆఫీసులోనే ఉంది. సభకు ముందు గది సర్దుళ్ళు. పెన్సిలమ్మ చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా రెండు వీధులు దాటి రికార్డు గదికి వెళ్ళింది. నేల నుంచి కప్పు దాకా కాగితాల కట్టలు, వాటి మీద పడేలా వేలాడుతున్న ఫ్యాను. ఇంకో రోజైతే ఆ ఫ్యాను గురించే పావుగంట భయపడేది.

"ఆయన సొరుగులో ఉత్తరాలేమైనా మిగిలాయా?" అంది.

కూతురి మొహం పాలిపోయింది. "నీకెలా తెలుసు?"

"ఉన్నాయన్నమాట."

"మూడు వారాలైంది చూసి. నువ్వు తట్టుకోలేవని..."

"నేనా? రోజుకు నాలుగుసార్లు చచ్చి బతికేదాన్ని, నేను తట్టుకోలేనా? తియ్యి."

బీరువా అడుగు అర నుంచి కూతురు ఒక రేకు పెట్టె తీసింది. మూత మీద అంటించిన కాగితం, పెద్దాయన చేతిరాత. 'రానివాళ్ళు'. లోపల తేదీల వరసన నిలబెట్టిన కవర్లు. నలభై మూడు.

"ఇవన్నీ రాసి పెట్టినవి. తీసుకోవడానికి ఎవరూ రానివి" అంది కూతురు మెల్లగా. "ఒక్కటి కూడా బయటివాళ్ళది కాదమ్మా. డ్రైవరు, ఫోర్‌మన్, వాచ్‌మన్ భార్య... అందరూ మనవాళ్ళే. ఫిట్టరు బాబాయిది కూడా ఉంది. మళ్ళీ సభ్యత్వం ఇమ్మని కమిటీకి రాసింది."

పెన్సిలమ్మకు అప్పుడు తెలిసింది. కమిటీ గదిలో ఆ మాటకు ఒక అర్థం. బయట బెంచీ దగ్గర ఇంకో అర్థం. సోమవారాలు పెన్సిలుగారు ఆదివారం ఉపన్యాసం టైపు చేసుకుంటూ అచ్చాఫీసులో ఉండేవాడు. ఆ గది ఆయన ఎరగడు. ఎరగని గదికి కూడా తనే అర్థం చెప్పాడు. ఆయన చెప్పింది నమ్మి మనవాళ్ళంతా గాల్లో సున్నాలు చుట్టుకుంటూ ఇళ్ళకు పోయారు. కిటుకు తెలియని మిషనమ్మ మాత్రం మళ్ళీ మళ్ళీ వెళ్ళింది.

కూతురు ఒక కవరు తీసి ఇచ్చింది. టైపు చేసింది కాదు. టైపు చేసే మనిషి మంచాన ఉన్నాడు కదా. వంకర అక్షరాలతో పెద్దాయన తనే రాశాడు. "ఈయన చెయ్యి ఇరవై ఆరేళ్ళుగా నా మాటలు రాసింది. ఊపిరి అందడం లేదు. వెంటనే మంచం ఇవ్వవలసింది." కవరు మూల, 'ఆమె వస్తే ఇవ్వాలి'. దాని కింద ఒక్కో సోమవారం తేదీ, పక్కన ఒకే మాట. రాలేదు. రాలేదు. రాలేదు. తొమ్మిదిసార్లు.

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. మొదట వచ్చింది మిషనమ్మ మీద కోపం, ఆ కిటికీ పక్క చోటు మీద కోపం. తరువాత మొగుడి మీద. అంత తెలివైన మనిషి, ఆ ముండ సున్నా! ఆ తరువాత, ఆ తొమ్మిది తేదీల మీద వేలు జరుపుతుంటే పెద్దాయన మీద మళ్ళీ మొదలైంది, ఈసారి వేరే రకంగా. తొమ్మిదిసార్లు రాలేదని రాసుకున్నాడు. చూశాడన్నమాట, తన కోసం తలుపు వంక. రెండు వీధుల దూరం. ఒక్కసారి కాలు కదపలేదు.

"కార్యదర్శికి చూపించావా?"

"చూపించాను. ఈ పెట్టె గదిలో వద్దు, ప్రస్తుతానికి అటక మీద పెట్టించమన్నారు."

పెన్సిలమ్మ కవరును మళ్ళీ దాని చోటులోనే నిలబెట్టింది. "రేపు నేను ఏదైనా అంటే నీ ఉద్యోగం పోతుందేమే."

"పోతే పోనీ. మిషనమ్మత్త దగ్గర కుట్టుపని నేర్చుకుంటా."

"దాని దగ్గరా? అంతకంటే ఏ నుయ్యో చూసుకుంటాను."

*

ఆదివారం హాలు నిండింది. వేదిక మీద ఎర్రబట్ట, మైకు కీచుమంటోంది. షాకు కొడుతుందేమోనని పెన్సిలమ్మ చేతిరుమాలు చేతికి చుట్టుకుని తెచ్చుకుంది. మిషనమ్మ తన ఐదు నిమిషాలూ తీసుకుని ఇంకో నాలుగు కూడా తీసుకుంది. "దేవుడంత కామ్రేడ్" అనేసరికి హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఆమె మొగుడు కర్ర మీద గడ్డం ఆనించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పెన్సిలమ్మ ఆ వంక చూడలేక పైకప్పు వంక చూసింది, కప్పులో పగులు కనిపించి దాని గురించి భయపడింది. తరువాత నలుగురు మాట్లాడారు. ఇళ్ళు, బడులు, ఆసుపత్రి. సమ్మె మాట ఒక్కరూ ఎత్తలేదు. వెనక గుమ్మం దగ్గర ఫిట్టరు చేతులు కట్టుకుని నిలబడి, ఒక్కో వేలే మడుస్తున్నాడు.

"ఇప్పుడు మన పెన్సిలుగారి సహచరి, ఆ చారిత్రక పెన్సిలును మన గదికి అందజేస్తారు" అన్నాడు కార్యదర్శి.

పెన్సిలమ్మ రుమాలు చుట్టిన చేత్తో మైకు పట్టుకుంది. షాకు కొట్టలేదు.

"నాకు మూడు నిమిషాలన్నారు. అంత అక్కర్లేదు. పెద్దాయన మా ఆయనకు ఉత్తరం ఇవ్వలేదని పదకొండేళ్ళు తిట్టుకున్నాను. ఇవాళ ఇక్కడ మీ అందరి ముందూ తిడదామనే అనుకున్నాను. నిన్న తెలిసింది, రాశారట. రాసి, నేను వస్తానేమోనని తొమ్మిది సోమవారాలు చూశారట. దళారీలు చేరకూడదని, ఎవరి ఉత్తరం వాళ్ళే తీసుకోవాలని ఆయన నియమం. మంచి నియమమే. ఆ నియమం వల్లే బయటివాళ్ళు ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా పనులు చేయించుకున్నారు. కానీ మా ఇల్లు ఇక్కడికి రెండు వీధులు. అవతల మనిషికి ఊపిరాడట్లేదని ఆయన చేత్తోనే రాశారు. రాసిన చెయ్యి పంపలేకపోయిందా?"

హాల్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో కూతురు రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుంది. పెన్సిలమ్మ ఆగలేదు.

"మేమూ వెళ్ళలేదు. ఆయన మాటకు అర్థం మాకే తెలుసనుకున్నాం. తెలియనావిడ ఏడుసార్లు వెళ్ళి మొగుణ్ణి దక్కించుకుంది." మిషనమ్మ వైపు చూడకుండానే అంది. "చూసి కళ్ళు మండిపోతున్నాయి నాకు, ఇవాళ్టికీ. సరే, అది నా గొడవ. లోపల బీరువాలో రేకు పెట్టె ఒకటుంది. నలభై మూడు ఉత్తరాలు, అన్నీ మన ఆఫీసువాళ్ళవే. ఫిట్టరూ, నీది కూడా ఉందయ్యా. ఈ పెన్సిలు అద్దాల బీరువాలో పెట్టొద్దు. దీని సున్నా వల్లే సగం నాశనం. ఆ పెట్టె పెట్టండి, ఆయన రాత కనపడేలా. ఆయన మంచీ చెడ్డా రెండూ దాంట్లోనే ఉన్నాయి. లోపలి ఉత్తరాలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి. ఇదీ నేను అడిగేది."

వెనక ఫిట్టరు కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఒక చెయ్యి గోడను పట్టుకుంది.

కార్యదర్శి మైకు దగ్గరకు వచ్చి, తడబడి, నవ్వి, చిన్నప్పటి నుంచీ విని విని నోటికి పట్టిన మాట అన్నాడు. "చూద్దామమ్మా."

పాత మనుషులంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. అక్కడక్కడా వేళ్ళు గాల్లోకి లేచాయి కూడా. పెన్సిలమ్మ నవ్వలేదు. రుమాలు విప్పి మడత పెట్టుకుంది.

"సరే బాబూ. రేపు సోమవారమేగా. వస్తాను."

ఆ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

*

సోమవారం ఎనిమిదింటికే బయలుదేరింది. కూతురి ఉద్యోగం సంగతి ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే మంచిదో, అది ఇంకేదైనా ముంచుకొచ్చే గుర్తో తేల్చుకోలేక దారంతా గుండె పట్టుకుని నడిచింది. పక్క తలుపు తెరిచే ఉంది. దాన్ని దాటి ముందు వైపు వెళ్ళింది.

బెంచీ మీద ఫిట్టరు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పోయేలా తోముకున్న చేతులు. ఎన్నింటికి వచ్చాడో ఏమో!

"అదేమయ్యా, నేనడిగితే నువ్వు ముందొచ్చి కూర్చున్నావా?"

"నా ఉత్తరం నేనే తీసుకోవాలట కదా వదినా." చొక్కా గుండీ సవరించుకున్నాడు. "ఇప్పుడు ఆ సభ్యత్వం నేనేం చేసుకుంటానో నాకే తెలీదు. ఇస్తే చదువుకుంటాను, అంతే."

కార్యదర్శి ఊళ్ళో లేడని గుమాస్తా వచ్చి చెప్పాడు. ఎప్పుడొస్తాడో తెలియదట. అంతలో మెడలో టేపుతోనే మిషనమ్మ దిగబడింది.

"అటు చివర కూర్చో అక్కా, కిటికీ దగ్గర. చల్లగా ఉంటుంది. మొదటిసారి ఎప్పుడూ లేరనే అంటారు, దానికి దిగులుపడకు."

పెన్సిలమ్మ ఒక్క క్షణం ఆ కిటికీ పక్క చోటు వంక చూసింది. అక్కడ కూర్చోవాలని లేదు. ఇంకెక్కడా కూర్చోవాలని లేదు. చివరికి వెళ్ళి అక్కడే కూర్చుంది. నిజంగానే చల్లగా ఉంది.

మిషనమ్మవి ఏడు సోమవారాలు. తనకిది మొదటిది.